గవియేరో: ఆల్వరో మూతిస్ కవిత్వం, జైలు, నవల

1948 ఏప్రిల్‌లో, కొలంబియా రాజధాని బొగొతాలో, ఆల్వరో మూతిస్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు తన స్నేహితుడు కార్లోస్ పతీన్యోతో కలిసి ఓ చిన్న కవితల పుస్తకం వేసుకున్నాడు. పేరు ‘లా బలాన్సా’, అంటే త్రాసు. అచ్చేసినవి 200 కాపీలు. వాటిని పుస్తకాల షాపుల్లో పెట్టిన మర్నాడే, ఏప్రిల్ 9న, లిబరల్ పార్టీ నాయకుడు హోర్హె ఎలియెసెర్ గాయితాన్‌ని పట్టపగలు నడివీధిలో కాల్చి చంపారు. నగరం భగ్గుమంది. ట్రాములు, ప్రభుత్వ భవనాలు, దుకాణాలు తగలబడిపోయాయి. ఆ దుకాణాలతో పాటే మూతిస్ కవితలు కూడా. నా మొదటి పుస్తకం ఒక్కరోజులో అయిపోయింది, అదీ నిప్పు వల్ల, అని అతను జీవితమంతా జోకేస్తూ వచ్చాడు.

జోకు బాగానే ఉంటుంది. కానీ ఆ రోజు ఎగిసిన హింస తర్వాత పదేళ్ళ పాటు ఆగలేదు. ‘లా వయొలెన్సియా’ అని కొలంబియా చరిత్రలో పేరుపడ్డ ఆ కాలంలో దాదాపు రెండు లక్షలమంది చచ్చిపోయారని లెక్క. ఆ తరం రచయితలు దాని గురించి రాయకుండా ఉండలేకపోయారు. మూతిస్ మాత్రం సూటిగా దాని జోలికి వెళ్ళలేదు. అతని కవిత్వంలో కుళ్ళిపోతున్న పళ్ళు, తుప్పు పట్టిన యంత్రాలు, వరదకి కొట్టుకొచ్చే కళేబరాలు, జ్వరం వాసన వేసే హోటల్ గదులు కనిపిస్తాయి. రాజకీయం మాత్రం ఉండదు. 1953లో బ్యూనస్ ఐరెస్‌లోని లొసాదా సంస్థ వేసిన అతని పుస్తకం పేరు ‘విపత్తుకి మూలద్రవ్యాలు’. ఆ పేరులోనే అతని ప్రాపంచిక దృక్పథం అంతా ఉంది. విపత్తు ఎవరో తెచ్చిపెట్టేది కాదు. అది వస్తువుల్లోనే ఉంది, వాటిని వాటి మానాన వదిలేస్తే చాలు.

మనలో చాలామందికి మూతిస్ పేరు తగిలేది మార్క్వెజ్ ద్వారా. 1961లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా మెక్సికోకి వచ్చిన మార్క్వెజ్ కుటుంబానికి ఆసరా ఇచ్చినవాడు, హువాన్ రుల్ఫో రాసిన ‘పేద్రో పారామో’ని తెచ్చి చేతిలో పెట్టి చదివి నేర్చుకొమ్మన్నవాడు మూతిస్. ‘నూరేళ్ళ ఏకాంతం’ రాస్తున్న రోజుల్లో రాత్రిళ్ళు వాళ్ళింటికెళ్ళి కూచుని, ఆ రోజు రాసిన కథంతా చెప్పించుకునేవాడు. మర్నాడు దాన్ని ఊళ్ళో అందరికీ చెప్పేవాడు. పుస్తకం చేతికొచ్చాక చూస్తే తనకి చెప్పిన కథ వేరు, రాసిన కథ వేరు! స్నేహితుల దగ్గర నా పరువు తీశావని ఫోన్ చేసి తిట్టాడట. మార్క్వెజ్ రాసిన బొలీవర్ నవల ‘చిక్కుదారిలో జనరల్’ (1989) మూతిస్‌కి అంకితం. బొలీవర్ చివరి రోజుల గురించి నవల రాయాలని మూతిస్ చాలా ఏళ్ళు అనుకుని, చివరికి ‘ఆఖరి ముఖం’ అనే ఒక్క కథ మాత్రం 1978లో అచ్చుకిచ్చాడు. మిగతా కథావస్తువుని స్నేహితుడికి వదిలేశాడు. ఇన్నేళ్ళూ ఓ నోబెల్ గ్రహీత పక్కన నిలబడ్డ మనిషిని ఆ పక్కనే ఉంచి చూడటం మనకి అలవాటైంది.

రెండో అలవాటు, అతన్ని ‘లేటుగా వికసించిన’ రచయితగా చూపించడం. జీవితమంతా కంపెనీ ఉద్యోగాలు చేసి, అరవై మూడేళ్ళకి మొదటి నవల రాసి, ఏడేళ్ళలో ఏడు నవలలు పూర్తిచేసి, సెర్వాంటెస్ బహుమతి కొట్టిన మనిషి. మాలాంటి వాళ్ళకి ఇంతకన్నా తియ్యటి కథ ఏముంటుంది? రోజంతా కోడ్ రాసి, రిలీజ్ కాల్స్ అయ్యాక రాత్రి పదకొండింటికి పుస్తకం తెరిచేవాడికి, ఫర్లేదు ఇంకా ముప్పయ్యేళ్ళు టైముంది అని చెప్పే కథ ఇది. నేనూ మొదట ఆ ఆకర్షణతోనే ఈడిత్ గ్రాస్‌మన్ ఇంగ్లీషు అనువాదంలో ఏడు నవలలూ కలిపి వచ్చిన ఏడువందల పేజీల సంపుటాన్ని పట్టుకున్నాను. చదవడం అయ్యాక, విడివిడిగా దొరికిన కవితల అనువాదాలు, వాటి పక్కన మూలం పెట్టుకుని డిక్షనరీతో కూడబలుక్కుంటూ వెళ్ళాక, ఆ కథ నిలబడలేదు. మూతిస్ అరవై మూడేళ్ళకి ఏమీ మొదలుపెట్టలేదు. ఇరవైల్లో మొదలుపెట్టిన ఒకే ఒక్క పనిని అప్పటికి ఓ రూపానికి తెచ్చాడు. మధ్యలో ఆ పనిని మలుపు తిప్పింది ఉద్యోగం కన్నా ఎక్కువగా జైలు.

కాస్త వెనక్కి వెళ్ళాలి. మూతిస్ 1923 ఆగస్టు 25న బొగొతాలో పుట్టాడు. తండ్రి దౌత్యాధికారి. పిల్లాడికి రెండేళ్ళప్పుడు కుటుంబం బ్రస్సెల్స్ వెళ్ళింది. అక్కడ జెసూట్ స్కూల్లో ఫ్రెంచిలో చదువు. సెలవులకి కొలంబియా రావాలంటే ఓడే దారి: ప్రయాణికుల్ని, సరుకునీ కలిపి మోసే చిన్న ఓడల్లో అట్లాంటిక్ దాటి, పనామా కాలువ మీదుగా బ్వెనవెంతూరా రేవుకి. అక్కణ్ణించి కొండల మీదుగా తొలీమా ప్రాంతంలో కొయ్యో అనే చోటికి. అక్కడ తల్లి తరపు తాతగారి కాఫీ, చెరకు తోటలు. రెండు ఏళ్ళు కలిసే చోటు. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు, ముప్పై మూడేళ్ళకే. తల్లి పిల్లలతో తోటకి తిరిగొచ్చేసింది. తను రాసిన ప్రతి మాటా ఆ తోటని బతికించుకోవడానికే అన్న అర్థంలో మూతిస్ చాలాసార్లు చెప్పాడు. ఇలాంటి మాటలు రచయితలందరూ చెప్తారు గానీ, ఇతని విషయంలో నమ్మబుద్ధవుతుంది. ఓడ, రేవు, ఏరు, కాఫీ తోట, కొండ మీది చలి. జీవితమంతా ఈ అయిదు సరుకులతోనే పని నడిపాడు.

స్కూలు చదువు పూర్తవలేదు. బిలియర్డ్స్ బల్లా, కవిత్వమూ దానికి అడ్డం పడ్డాయని తనే చెప్పుకున్నాడు. సాహిత్యం చెప్పిన మేష్టారు ఎదువార్దో కర్రాంసా కొలంబియాలో పేరున్న కవి, అదొక్కటే అక్కడ దక్కిన లాభం. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి. ఇక ఉద్యోగాలు: రేడియోలో వార్తలు చదవడం, ఇన్సూరెన్స్ కంపెనీ పత్రికకి ఎడిటర్, బీరు కంపెనీ ప్రచారం, ఓ విమానయాన సంస్థలో పబ్లిక్ రిలేషన్స్, తర్వాత ఎస్సో చమురు కంపెనీలో అదే పని. డిగ్రీ లేదు, మాట ఉంది, గొంతు ఉంది. ఆ గొంతు ఎలాంటిదంటే, తర్వాత కాలంలో అమెరికన్ టీవీ సీరియల్ ‘ది అన్‌టచబుల్స్’ని స్పానిష్‌లోకి డబ్ చేసినప్పుడు కథ చెప్పే గొంతు ఇతనిదే. లాటిన్ అమెరికాలో అతని కవిత ఒక్కటి కూడా చదవని కోట్లమంది ఆ గొంతుని గుర్తుపట్టేవాళ్ళు.

అతని కవిత్వంలోకి మక్రోల్ వచ్చింది ఈ మొదటి ఉద్యోగాల రోజుల్లోనే. ‘మక్రోల్ ప్రార్థన’ 1947 నాటి కవిత. మక్రోల్‌కి ‘గవియేరో’ అని బిరుదు, అంటే తెరచాప స్తంభం చిట్టచివర కూచుని దూరాన ఏముందో ముందుగా చూసి కిందవాళ్ళకి చెప్పే నావికుడు. ఏ దేశం వాడో తెలీదు. తర్వాత నవలల్లో సైప్రస్ పాస్‌పోర్ట్ ఉంటుంది, దాన్నీ నమ్మలేం. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఇలాంటి ముసలి నావికుణ్ణి ఎందుకు పిలిచినట్టు? ఆ కవితల్లో వచ్చే నిస్పృహకి తన వయసు చాలదని అనిపించిందట. అంతటి మాట అనాలంటే అన్నీ చూసేసినవాడు కావాలి. తనకి లేని అనుభవాన్ని అప్పు తెచ్చుకోడానికి ఓ పాత్రని చేసుకున్నాడు. ఆ అప్పు తీర్చడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఎస్సో ఉద్యోగంలో మూతిస్ చేతిలో ఓ నిధి ఉండేది. దానధర్మాలకీ, సాంస్కృతిక కార్యక్రమాలకీ కంపెనీ కేటాయించిన డబ్బు. దాన్ని అతను తనకి తోచినట్టు ఖర్చుపెట్టాడు. అప్పటి నియంత రోహస్ పినీయ్యా పాలనలో చిక్కుల్లో పడ్డ స్నేహితులకి కొంత, చేతిలో డబ్బుల్లేని కళాకారులకి కొంత, విందులకీ సరదాలకీ కొంత. కంపెనీ లెక్కలడిగింది. 1956లో మూతిస్ విమానమెక్కి మెక్సికోకి పారిపోయాడు. జేబులో సిఫార్సు ఉత్తరాలు రెండు. అందులో ఒకటి సినిమా దర్శకుడు లూయిస్ బున్యుయెల్‌కి. వాటి బలం మీద ఓ అడ్వర్టైజింగ్ సంస్థలో ఉద్యోగం దొరికింది, మెక్సికో రచయితలు స్నేహితులయ్యారు. అంతలో కొలంబియా నుంచి వచ్చిన ఫిర్యాదు మీద పోలీసులొచ్చి పట్టుకుపోయారు. దేశానికి తిప్పి పంపించాలా వద్దా అన్నది తేలేదాకా లెకుంబెర్రి జైల్లో పెట్టారు. పదిహేను నెలలు.

ఈ డబ్బు సంగతిని స్పానిష్ సాహిత్య ప్రపంచం ఓ ముచ్చటైన కథగా చెప్పుకుంటుంది: బహుళజాతి చమురు కంపెనీ సొమ్ముని కవులకి పంచిపెట్టిన కవి. నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. నెలనెలా ఎక్స్‌పెన్స్ రిపోర్టులో ట్యాక్సీ రసీదు పోతే మేనేజర్‌కి సంజాయిషీ రాసుకునేవాణ్ణి. కంపెనీ పెద్దదైనంత మాత్రాన నా దగ్గరున్న దాని డబ్బు నాదైపోదు. మూతిస్ కూడా, అతని అభిమానుల్లా, దాన్ని వీరగాథగా చేసుకోలేదు. డబ్బుని ఇష్టమొచ్చినట్టు వాడానన్నది దాచలేదు. బయటికొచ్చాక కంపెనీ మీద కక్షతో రాసిన పేజీ అతని రచనల్లో నాకెక్కడా కనిపించలేదు. ఈ నిబ్బరమే తర్వాత మక్రోల్ స్వభావం అయింది. మక్రోల్ స్మగ్లింగ్ చేస్తాడు, వేశ్యాగృహం నడుపుతాడు, దొంగ సరుకని అనుమానం ఉన్నా ఆయుధాలు మోస్తాడు. తన తప్పుకి సాకు చెప్పడు, పశ్చాత్తాపపడి మారిపోనూ మారడు.

లెకుంబెర్రి మామూలు జైలు కాదు. పోర్ఫిరియో దియాస్ పాలనలో 1900లో తెరిచారు. మధ్యలో కాపలా బురుజు, దాన్నుంచి నక్షత్రపు కొమ్ముల్లా చీలే నడవాలు, ఎక్కడున్నా ఖైదీ మీద ఓ కన్ను ఉండేలా. ‘నల్ల భవంతి’ అని జనం పెట్టిన పేరు. చిత్రకారుడు సికేరోస్, 1968 విద్యార్థి ఉద్యమం తర్వాత రచయిత హోసే రెవుయేల్తాస్ అక్కడే ఉన్నారు. వాళ్ళంతా రాజకీయ ఖైదీలు. మూతిస్‌ది దొంగతనం కేసు. అంచేత అతను ఉన్నది మామూలు దొంగలూ హంతకులూ మత్తుమందు అమ్మేవాళ్ళ మధ్య. వాళ్ళతో సమానంగా.

అక్కడ రాసిందే 1960లో వచ్చిన ‘లెకుంబెర్రి డైరీ’. చాలా పల్చటి పుస్తకం. మొదటి భాగంలో జైల్లోకి కల్తీ మత్తుమందు వస్తుంది. దాన్ని ఖైదీలు ‘తెకాతా బలీన్’ అంటారు. దానికి అలవాటుపడ్డవాళ్ళు ఒకడి తర్వాత ఒకడు చచ్చిపోతుంటారు. అమ్మేదెవరో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. మూతిస్ ఆ చావుల్ని ఏ అలంకారమూ లేకుండా, పేర్లతో, ఒక్కొక్కరి ముఖంతో, మాటతీరుతో చెప్తాడు. దీని ముందు నాటి కవితలు చదివి ఇక్కడికొస్తే ఉలిక్కిపడతాం. ‘విపత్తుకి మూలద్రవ్యాలు’లో మనుషులు దాదాపు లేరు. ఉన్నవాళ్ళు కూడా, ట్రాము డ్రైవర్ గానీ సైనికుడు గానీ, ఓ దృశ్యంలో మరకల్లాంటివాళ్ళు. శిథిలం మీద అతనికున్నంత ప్రేమ దాని కింద పడ్డవాడి మీద లేదు. డైరీలో శిథిలం లేదు, మనుషులే ఉన్నారు. గోడలెలా ఉన్నాయో అతను పెద్దగా చెప్పడు. పక్క గదిలోవాడు ఏం అబద్ధం ఆడాడో, ఎందుకు ఆడాడో చెప్తాడు.

ఆ పదిహేను నెలల్లో ఖైదీలతో కలిసి నాటకం కూడా ఆడించాడు. చూడ్డానికొచ్చే ఎలేనా పొనియతోవ్‌స్కాకి ఉత్తరాలు రాశాడు. అప్పటికామె యువ పాత్రికేయురాలు. ఆ ఉత్తరాలు 1998లో పుస్తకంగా వచ్చాయి. జైలు లేకపోతే మక్రోల్ నవలలు రాయగలిగేవాణ్ణి కాదని మూతిస్ తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. అక్కడ తెలుసుకున్నది ఒక్కటే: మనుషుల మీద తీర్పు చెప్పకూడదని. ఈ మాట వినడానికి నీతివాక్యంలా ఉంటుంది గానీ, కథ చెప్పేవాడికి ఇది శిల్పానికి సంబంధించిన విషయం. తీర్పు చెప్పనివాడే ఎదుటివాడి కథని పూర్తిగా వినగలడు. అతని నవలలన్నీ ఎలా కట్టాడో చూస్తే ఇది తెలుస్తుంది. ఎవరో ఒకరు రాత్రిపూట ఓడ డెక్ మీదో, బార్‌లోనో, ఆసుపత్రి మంచం మీదో తన కథ చెప్పుకుంటారు, ఇంకొకరు వింటారు. అంతే.

ఇక్కడ అతని రాజకీయాల సంగతి చెప్పక తప్పదు. క్యూబా విప్లవం తర్వాత లాటిన్ అమెరికా రచయితలంతా ఏదో ఒక పక్షం తీసుకున్న కాలంలో, ప్రాణస్నేహితుడు ఫిదెల్ కాస్త్రోకి సన్నిహితుడైన కాలంలో, మూతిస్ నేను రాచరికవాదినని చెప్పుకుని తిరిగాడు. తనని నిజంగా కలవరపెట్టిన చివరి రాజకీయ సంఘటన 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం అనేవాడు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మీద 1985లో ఏకంగా ఓ కవితల పుస్తకమే రాశాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ పుస్తకం అంటే ఓపిక లేదు. ఆ రాజు సామ్రాజ్యం కింద నలిగిన ఖండంలో పుట్టి ఇలా రాయడం కొంత సరదా కోసం వేసిన వేషం, కొంత నిజమైన గుడ్డితనం అనిపిస్తుంది. కానీ నియంత చేతికి చిక్కకుండా జనాన్ని దాటించడానికి కంపెనీ డబ్బు ఖర్చుపెట్టి జైలుకెళ్ళింది, ప్రగతిశీల వ్యాసాలు రాసినవాళ్ళెవరో కాదు, ఈ రాచరికవాదే. కల్తీ మందుకి చచ్చిన ఖైదీల గురించి రాసిందీ అతనే. అతని చేతల్నీ మాటల్నీ ఒకే గాటన కట్టలేక నేను ప్రయత్నం మానేశాను.

విడుదలయ్యాక మెక్సికోలోనే ఉండిపోయాడు. మళ్ళీ ఉద్యోగమే: మొదట ట్వెంటీయెత్ సెంచరీ ఫాక్స్, తర్వాత కొలంబియా పిక్చర్స్. లాటిన్ అమెరికా అంతటికీ సేల్స్ మేనేజర్. టీవీ స్టేషన్లకి సినిమాలు, సీరియళ్ళు అమ్మడం. ఇరవై మూడేళ్ళు ఓ రాజధాని నుంచి ఇంకో రాజధానికి విమానాల్లో, హోటళ్ళలో. ఆ మధ్యే బున్యుయెల్‌తో ఓ వాదన: గోతిక్ నవలకి పొగమంచు, పాత కోటలు కావాలి, ఉక్కపోసే ఉష్ణదేశంలో అది కుదరదని బున్యుయెల్ అన్నాడు. కుదురుతుందని చూపించడానికి మూతిస్ రాసిందే 1973 నాటి ‘అరౌకయీమా బంగళా’. కాఫీ తోట మధ్యలో ఓ భవంతి, అందులో చావు. పందెం కోసం రాసినట్టే ఉంటుంది, అంతకన్నా ఎక్కువేమీ లేదు.

అదే 1973లో అతని కవితలన్నీ కలిపి ఓ సంపుటం వచ్చింది. దానికి అతను పెట్టిన పేరు ‘గవియేరో మక్రోల్ సర్వస్వం’. నవలలకి పదమూడేళ్ళ ముందే, పాతికేళ్ళ కవిత్వం మొత్తాన్ని ఒక పాత్ర పేరు మీద రాసిచ్చేశాడు. 1981లో ‘కారవాన్సరీ’ వచ్చింది, అంటే బిడారుల సత్రం. ఆ వచన కవితల్లో మొదటిది మనల్ని వెంటనే ఆపుతుంది. బెంగాల్ రాత్రి, తమలపాకులు నములుతూ నేల మీద ఉమ్ముతూ కబుర్లు చెప్పుకునే మనుషులు, పాదాల చుట్టూ మరకలు. మూతిస్ లోకంలో ఏ దేశమైనా ఓ రేవే. జనం ఆగుతారు, బేరాలాడుకుంటారు, వెళ్ళిపోతారు.

ఆ పుస్తకంలోనే ‘లా నియెవె దెల్ అల్మిరాంతె’ అనే వచన కవిత ఉంది. ‘అడ్మిరల్ గారి మంచు’ అన్నది కొండ మీద, మబ్బుల్లో, లారీలు ఆగే చోట ఉన్న ఓ కొట్టు పేరు. కాలికి మానని పుండుతో మక్రోల్ ఆ కొట్లో రోజులు గడుపుతుంటాడు. కొన్నేళ్ళ తర్వాత దీని ఫ్రెంచి అనువాదాన్ని సరిచూస్తూ కూచున్న మూతిస్‌కి, ఇది కవిత కాదు, ఏదో నవల్లోంచి ఊడిపోయిన ముక్క అనిపించింది. రాయడం మొదలుపెట్టాడు. చివరికి దాదాపు నవలంత ప్రతిని బార్సిలోనాలో తన ఏజెంటు కార్మెన్ బల్సెల్స్‌కి పంపి, ఇదేమిటో నాకే తెలియట్లేదన్నాడట. 1986లో అది అదే పేరుతో నవలగా అచ్చయింది. అతను రిటైరైంది 1988లో. అంటే, రిటైరయ్యి తీరుబడిగా కూచుని నవల రాశాడన్న కథ కూడా తప్పే. సీరియళ్ళు అమ్ముకుంటూనే, హోటల్ గదుల్లోనే రాశాడు.

బార్సిలోనాలో పాత పుస్తకాల షాపులో ఓ చరిత్ర పుస్తకం కొంటే, అట్ట లోపలి సంచిలో కొన్ని కాగితాలు దొరుకుతాయి. గులాబీ, పసుపు, నీలం రంగుల వ్యాపార ఫారాల మీద రాసిన మక్రోల్ దినచర్య. నవల అంతా ఆ దినచర్యే. షురాందో అనే నది మీద, ఎప్పుడూ తాగి ఉండే కెప్టెన్ నడిపే పడవలో, ఎగువనున్న కోతమిల్లుల దగ్గర కలప కొందామని మక్రోల్ బయల్దేరతాడు. లాభం వస్తుందన్న నమ్మకం ఎక్కేటప్పుడే లేదు. మధ్యలో అడవి జ్వరం వచ్చి చావుదాకా వెళ్ళొస్తాడు. తోటి ప్రయాణికులు చచ్చిపోతారు. చివరికి చేరిన చోట గాజుతో లోహంతో మెరిసే ఓ వింత కట్టడం, దాని చుట్టూ సైనికుల కాపలా. కలప లేదు, బేరం లేదు. వెనక్కొచ్చి, కొండ మీది కొట్టునీ, దాన్ని నడిపిన ఫ్లోర్ ఎస్తేవెస్‌నీ వెతుక్కుంటూ వెళ్తే అక్కడ పాడుబడ్డ గోడలే ఉంటాయి.

నాకు ఈ నవల్లో ఎక్కువ నచ్చేది, మక్రోల్ ఓటమిని మూతిస్ గొప్ప చేయకపోవడం. ఓడిపోయినవాడి చుట్టూ విషాదకాంతి వెలిగించే అలవాటు సాహిత్యానికి చాలా ఉంది. మక్రోల్‌కి ఓటమి అంటే వాతావరణం. వాన పడుతుందని తెలిసీ పని మీద బయటికెళ్ళినట్టు వెళ్తాడు. కుర్రవాడైన మూతిస్ కవితల్లో ఈ నిస్పృహ అప్పు తెచ్చుకున్నది, అందుకే అక్కడక్కడా గొంతు పెద్దదవుతుంది. ఇక్కడ గొంతు పెద్దది చెయ్యాల్సిన అవసరమే రాలేదు. మక్రోల్ సాయంత్రం కాగితం తీసి ఆ రోజు జరిగింది రాసుకుంటాడు, అంతే. ఈ నవలకి ఫ్రాన్సు 1989లో మెదిసిస్ బహుమతి ఇచ్చింది.

తర్వాత నవలలు గబగబా వచ్చేశాయి. ‘వానతో వచ్చిన ఇలోనా’లో మక్రోల్, ఇలోనా కలిసి పనామాలో విమాన సుందరుల యూనిఫాం వేసిన అమ్మాయిలతో ఓ వేశ్యాగృహం నడుపుతారు. సగం వరకూ నవ్విస్తూ వెళ్ళి ఆఖర్న గుండె ఆగేలా చేస్తుంది. ‘అమిర్‌బార్’లో బంగారు గనులు, ‘ఓడల్ని కలగన్న అబ్దుల్ బషూర్’లో ఆదర్శమైన ఓడ కోసం జీవితాంతం వెతికే లెబనాన్ స్నేహితుడు. ఏడూ ఒకే స్థాయిలో లేవు. ‘అబ్దుల్ బషూర్’ వచ్చేసరికి ఓ పద్ధతి పాతబడుతుంది: కొత్త రేవు, కొత్త వ్యాపారం, రహస్యంగా ప్రేమించే ఆడమనిషి, ఓ చావు. ఆడవాళ్ళ విషయంలో ఇంకో ఇబ్బంది, ఇలోనా తప్ప మిగిలినవాళ్ళంతా ఎంతో తెలివైనవాళ్ళే గానీ, ఆ తెలివంతా మక్రోల్‌ని అర్థం చేసుకోడానికే వాడతారు.

ఉద్యోగం రాతకి అడ్డమా అన్న ప్రశ్నకి అతని దగ్గరున్న జవాబు ‘ట్రాంప్ స్టీమర్ చివరి మజిలీ’. ట్రాంప్ స్టీమర్ అంటే నిర్ణీతమైన దారంటూ లేకుండా, ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి వెళ్ళే అద్దె ఓడ. కథ చెప్పేవాడు మూతిస్ లాంటి ఉద్యోగే. చమురు కంపెనీల అంతర్గత పత్రికల సంపాదకుల సమావేశానికని (ఇంతకన్నా నిస్సారమైన ఆఫీసు పని ఉంటుందా!) హెల్సింకీ వెళ్తాడు. గడ్డకట్టే చలిలో, సముద్రానికి ఆవలనున్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని ఓసారి చూడాలని తీరం చివరికి వెళ్తే, ఎదురుగా ఓ ముసలి ఓడ దాటిపోతుంది. రంగూడిపోయి, పేరులో సగం అక్షరాలు చెరిగిపోయి. తర్వాత కోస్తారికాలో అదే ఓడ. తర్వాత జమైకాలో. చివరిసారి ఒరినోకో నది ముఖద్వారంలో. కొన్నాళ్ళకి, ఓ రిఫైనరీలో సమ్మె వస్తుందేమోనని కంపెనీ పంపగా పడవలో వెళ్తూ, ఆ పడవలో ఉన్న బాస్క్ దేశపు మనిషి హోన్ ఇతుర్రితో పరిచయమవుతుంది. ఆ ఓడ కెప్టెన్ అతనే. అబ్దుల్ బషూర్ చెల్లెలు వార్దాతో అతని ప్రేమకథ ఆ ఓడతో మొదలై, ఓడ ఎన్నాళ్ళు తేలితే అన్నాళ్ళే నిలిచింది.

కథ చెప్పేవాడు కవిత్వం కోసం ఎక్కడికీ వెళ్ళడు. ఎక్కువగా కంపెనీ పంపిన చోటికే వెళ్తాడు, అక్కడ ఓడ వస్తుంది. చివర్లో ఇతుర్రి చెప్తుంటే రాత్రుళ్ళు మేలుకుని వింటాడు. లెకుంబెర్రిలో పక్క గదివాడి కథ విన్నట్టే. ఈ నవల మార్క్వెజ్‌కి అంకితం. ఎన్నాళ్ళుగానో నీకు చెప్దామనుకుంటున్నా, జీవితపు రొదలో కుదరలేదు అన్న భావంతో. రోజూ కథలు చెప్పిన స్నేహితుడికి ఈసారి ఇతను చెప్పాడు.

1993లో వచ్చిన ‘సముద్రం, నేల: మూడు కథలు’తో మక్రోల్ సాహసాలు ఆగిపోయాయి. ఆ మూడోది, ‘హమీల్’, నవలల్లో చివరిది. చచ్చిపోయిన అబ్దుల్ కొడుకు, చిన్నపిల్లాడు, కొన్నాళ్ళు మక్రోల్ దగ్గర ఉండాల్సొస్తుంది, మాయోర్కా దీవిలో. ఎక్కడా నిలవనివాడు పిల్లాడికి అన్నం పెట్టి, ఓడల పేర్లు చెప్పి, నిద్రపుచ్చుతాడు. తర్వాత తల్లి వస్తుంది, పిల్లాణ్ణి అప్పగించేస్తాడు. ‘మక్రోల్ ప్రార్థన’ రాసిన కుర్రవాడు ఊహించలేని సన్నివేశం అది. అంతవరకూ మక్రోల్ పోగొట్టుకున్నవన్నీ అతను పోతాయని ముందే అనుకున్నవి. ఇదొక్కటీ కాదు.

బహుమతులు చాలా ఆలస్యంగా, కానీ వరసగా వచ్చాయి: 1997లో ప్రిన్స్ ఆఫ్ అస్తూరియస్, 2001లో సెర్వాంటెస్, 2002లో న్యూస్టాట్. 2013 సెప్టెంబర్ 22న, తొంభై ఏళ్ళు నిండిన నెలకి, మూతిస్ మెక్సికో నగరంలో పోయాడు. అదే నగరంలో ఉన్న లెకుంబెర్రిని జైలుగా 1976లో మూసేశారు. ఇప్పుడది మెక్సికో జాతీయ పత్రాగారం. గదుల్లో ఖైదీల బదులు కాగితాలు.

మొదలుపెట్టదలుచుకున్నవాళ్ళు ఏడువందల పేజీల సంపుటాన్ని చూసి భయపడనక్కర్లేదు. వరస ముఖ్యం కాదు. ‘ట్రాంప్ స్టీమర్’ వంద పేజీలు కూడా ఉండదు, ఓ రాత్రిలో అయిపోతుంది. తర్వాత ‘అడ్మిరల్ గారి మంచు’. ‘హమీల్’ని మాత్రం ముందుగా తెరవకండి, దాన్ని ఆఖరికి ఉంచండి.